రెండుసార్లు పూడ్చిన రౌతు: ఫస్ట్ సార్జెంట్ జార్జ్ జోర్డన్ జీవిత, ఖనన రికార్డులపై ఒక కేస్ స్టడీ

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ప్లాట్ నది లోయలో, మాక్స్‌వెల్ అనే చిన్న ఊరికి దక్షిణాన ఫోర్ట్ మెక్‌ఫర్సన్ జాతీయ శ్మశానం ఉంది. కత్తిరించిన పచ్చగడ్డి మీద తెల్ల పాలరాతి పలకలు ఒకే ఎత్తున, ఒకే ఎడంతో వరుసలు తీరి ఉంటాయి. వాటిలో ఒకటి నల్లజాతి సిపాయిల 9వ అశ్వికదళంలో ఫస్ట్ సార్జెంట్‌గా పనిచేసి, ఆ దేశపు అత్యున్నత శౌర్య పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న జార్జ్ జోర్డన్‌ది. 1904 అక్టోబరు 24న చనిపోయిన మనిషి సమాధి అక్కడ ఉంది కాబట్టి ఆ నెలలోనే ఆయనను అక్కడ పూడ్చిపెట్టి ఉంటారని చూసినవారు అనుకోవడం సహజం. అయితే అది నిజం కాదు. జోర్డన్‌ను మొదట పూడ్చింది ఆ రాష్ట్రానికే వాయవ్య మూలన ఉన్న ఫోర్ట్ రాబిన్సన్ కోట శ్మశానంలో, అంటే రోడ్డు దారిన రెండు వందల మైళ్లకు పైబడిన దూరంలో. నలభై మూడేళ్ల తరువాత, 1947లో, ఆ కోట శ్మశానంలోని అవశేషాలను మాక్స్‌వెల్ దగ్గరికి తరలించినప్పుడే ఆయన ఇక్కడికి చేరారు. ఇప్పుడు మనకు కనిపించే రాయి రెండో సమాధిది.

పాత సైనిక రికార్డుల నుంచి మామూలు సిపాయిల జీవితాలను తిరిగి కూర్చడం నా వృత్తి. దళపతుల జీవితచరిత్రలు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. జీను మీద ముప్పై ఏళ్లు గడిపిన ఒక రౌతు ఎవరో, ఎక్కడివాడో, ఎలా పోయాడో తెలుసుకోవాలంటే మాత్రం చేరిక రిజిస్టర్లు, హాజరు పట్టీలు, ఖనన రిజిస్టర్లు ఓపికగా తిరగెయ్యాల్సిందే. ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవారికి నేను మొదట జోర్డన్ కేసునే చూపిస్తాను. పతకం వల్ల ఆయన కాగితాలు కొన్ని భద్రంగా మిగిలాయి. అయినా ఆయన ఎలా చనిపోయారో చెప్పే కాగితం ఆయన పేరు మీద ఉన్న ఏ ఫైల్లోనూ దాచినది కాదు. ఖనన రికార్డు సైనిక గౌరవాలతో జరిగిన అంత్యక్రియల దగ్గరికి తీసుకువెళితే, ఆ వేరే కాగితం ఆసుపత్రి తలుపు దగ్గరికి తీసుకువెళుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా కేసు మూసెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

పేరు ఒకటే, మనుషులు చాలామంది

ఇలాంటి కేసులో చావు నుంచి పుట్టుక వైపు వెనక్కి నడవాలి. చివరి రోజులకు సంబంధించిన రికార్డు తేదీ, స్థలం, రెజిమెంటు పేరుతో గట్టిగా ఉంటుంది. మొదటి రోజులకు సంబంధించినది పలచగా, అనుమానంగా ఉంటుంది. గట్టి నేల మీద కాలు పెట్టి పలచని నేల వైపు వెళ్లడమే క్షేమం. జోర్డన్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే జార్జ్ అనే పేరూ జోర్డన్ అనే ఇంటిపేరూ ఆ దేశంలో చాలా మామూలువి. మొదట్లో నేను కూడా పేరు, వయసు రెండూ దగ్గరగా ఉన్నాయి కదా అని ఇంకొక జార్జ్ జోర్డన్ వెంట చాలాదూరం వెళ్లి, రెజిమెంటు దగ్గర పొసగక వెనక్కి వచ్చాను.

ఇక్కడ ప్రధానమైన ఆధారం అమెరికా సైన్యపు చేరిక రిజిస్టర్లు. 1798 నుంచి 1914 వరకు సైన్యంలో చేరినవారి వివరాలు వీటిలో ఉన్నాయి. ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ వీటిని ఎమ్ 233 అనే మైక్రోఫిల్మ్ వరుసగా తీసింది, ఇప్పుడు డిజిటల్ రూపంలోనూ దొరుకుతున్నాయి. ఒక్కో మనిషి వివరం ఒక పేజీలో మొదలై, మధ్య మడతను దాటి, ఎదుటి పేజీలో ముగుస్తుంది. పేరు, చేరిన తేదీ, చేరిన ఊరు, పుట్టిన చోటు, వయసు, చేసే పని, కళ్ల రంగు, జుట్టు రంగు, ఒంటి రంగు, ఎత్తు, రెజిమెంటు, కంపెనీ, సేవ ఎలా ముగిసిందనే సంగతి, చివరన రిమార్కులు వరుసగా ఉంటాయి. మడత దగ్గర కాగితం కాస్త వంగి ఉంటుంది కాబట్టి, ఒక వరుస చదువుతూ ఎదుటి పేజీలోకి వెళ్లేసరికి కన్ను కింది వరుసలోకి జారిపోతుంది. ఒకరి పుట్టిన ఊరికి మరొకరి మరణం అతుక్కున్న వంశవృక్షాలు నేను ఒకటికంటే ఎక్కువే చూశాను. అందుకే కంప్యూటర్ తెర మీద కూడా నేను స్కేలు ఆనించే చదువుతాను, రెండో పేజీలోని వరుస సంఖ్యను ఎడమవైపు సంఖ్యతో సరిచూసుకున్నాకే రాసుకుంటాను.

ఒకే పేరుగల ఇద్దరిని విడదీయడానికి నమ్మదగిన పద్ధతి చేరికల గొలుసును కట్టడం. సైన్యంలోనే కొనసాగాలనుకున్న సిపాయి ఒక గడువు ముగియగానే, సాధారణంగా మరునాడే, మళ్లీ చేరేవాడు. ఒక వరుసలోని విడుదల తేదీ, తరువాతి రిజిస్టరులోని చేరిక తేదీ, రెజిమెంటు, కంపెనీ ఈ నాలుగూ కొక్కేల్లా ఒకదానిలో ఒకటి పడితే ఆ ఇద్దరూ ఒకే మనిషని చెప్పవచ్చు. వయసు ఒక్కటే కలిస్తే చెప్పలేము. ఇంకో చిక్కు కూడా ఉంది. అశ్వికదళంలోని ఉపదళాన్ని 1883 దాకా అధికారికంగా కంపెనీ అనేవారు, ఆ తరువాత ట్రూప్ అన్నారు. కాబట్టి జోర్డన్ మొదటి కాగితాల్లో కె కంపెనీ మనిషిగా, తరువాతి కాగితాల్లో కె ట్రూప్ మనిషిగా కనిపిస్తారు. ఈ సంగతి తెలియనివారు ఆయన దళం మారారని పొరబడతారు.

జోర్డన్ గొలుసులో మొదటి కొక్కెం అసలు అశ్వికదళంలోనే లేదు. అంతర్యుద్ధం ముగిశాక, 1866 జులై 28 నాటి చట్టం నల్లజాతి సిపాయిలతో ఆరు శాశ్వత రెజిమెంట్లను ఏర్పాటు చేసింది. వాటిలో 9, 10 అశ్వికదళాలు, 38 నుంచి 41 దాకా పదాతి దళాలు. 1866 డిసెంబరులో టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్‌లో జోర్డన్ చేరింది 38వ పదాతి దళంలో. 1869లో ఆ నాలుగు పదాతి దళాలనూ రెండుగా కుదించారు. జోర్డన్ 1870లో 9వ అశ్వికదళపు కె కంపెనీకి మారి, పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నారు. గుర్రపు సిపాయి కదా అని అశ్వికదళం కాగితాలే వెతికేవారికి ఆయన మొదటి మూడేళ్లూ దొరకవు.

పుట్టిన ఊరు, వయసు

పతక గ్రహీతల జాబితా ఆయన పుట్టిన చోటును టెనెసీలోని విలియమ్సన్ కౌంటీగా చూపుతుంది, వయసు లెక్క 1847 దగ్గర ఆగుతుంది. ఆ రెండూ ఆయన నోటి మాట మీద నమోదైన వివరాలే. అంతకు ముందరి కాలానికి వెళ్లాలని చూసేవారికి 1850, 1860 సంవత్సరాల జనగణనలు పెద్ద గోడలా అడ్డు నిలుస్తాయి. బానిసల కోసం విడిగా ఉంచిన ఆ పట్టికల్లో యజమాని పేరు ఉంటుంది, దాని కింద ఒక్కో మనిషికీ వయసు, ఆడా మగా, రంగు లాంటి కొన్ని గడులే ఉంటాయి, పేరుకు గడే లేదు. పదమూడేళ్ల మగపిల్లవాడు అన్న గీత కనిపించగానే ఇతనే మనవాడు అని రాసుకోవాలన్న ఆశ కలుగుతుంది. అలా రాయడం పరిశోధన కాదు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివారిలో అత్యధికులకు పేరు గడి దొరికిన మొదటి జనగణన 1870 నాటిది. అప్పటికి జోర్డన్ టెక్సాస్ సరిహద్దులో సైన్యంలో ఉన్నారు కాబట్టి, సొంత ఊరి పేజీల్లో తల్లిదండ్రుల పక్కన ఆయనను వెతికినా లాభం లేదు.

వయసు విషయంలో మన తెలుగువారికి ఈ చిక్కు కొత్తేమీ కాదు. బడిలో చేర్పించే రోజున పంతులుగారు వేసిన తేదీయే జీవితాంతం సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీగా సాగిన పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఎందరో ఉన్నారు. ఆ తేదీ అబద్ధం అనడానికి లేదు, అది ఒక కార్యాలయం అవసరానికి పుట్టిన తేదీ. జోర్డన్ 1847 కూడా అలాంటిదే. నేను కేసు పత్రంలో దాన్ని పుట్టిన సంవత్సరం అనే గడిలో రాసి, పక్కన చేరిక సమయంలో చెప్పిన వయసును బట్టి అని చేర్చాను. ఆ చేర్పు లేకపోతే తరువాత చదివేవారు దాన్ని బాప్తిస్మ రిజిస్టరులోంచి వచ్చిన తేదీలా నమ్ముతారు.

తులరోసా, కరీజో

సైనిక జీవితం వివరాలు ఇక్కడ పూర్తిగా చెప్పను. 9వ అశ్వికదళం 1867 నుంచి 1875 దాకా టెక్సాస్‌లో, 1881 దాకా న్యూ మెక్సికోలో, ఆపైన కాన్సస్, ఇండియన్ టెరిటరీల్లో ఉండి, 1885లో నెబ్రాస్కా, వ్యోమింగ్ కోటలకు వచ్చింది. ఒక సిపాయి ఏ సంవత్సరంలో ఎక్కడ ఉన్నాడో తెలియాలంటే రెజిమెంటు నెలసరి నివేదికలను ఈ చట్రంలో పెట్టి చూడాలి. నెలసరి నివేదికల్లో అధికారుల పేర్లుంటాయి, సిపాయిలు ఎక్కువగా అంకెలుగానే కనిపిస్తారు. పేరు పేరునా మనిషి కావాలంటే రెండు నెలలకొకసారి రాసే మస్టర్ రోల్ అనే హాజరు పట్టీకి వెళ్లాలి.

పతకం సంగతి మాత్రం నిదానంగా చూడదగినది. ప్రశంసాపత్రం రెండు ఘటనలను చెబుతుంది. 1880 మే 14న న్యూ మెక్సికోలోని ఫోర్ట్ తులరోసా దగ్గర జోర్డన్ ఇరవై అయిదుమంది సిపాయిల దళాన్ని నడుపుతూ, వందకు పైగా ఉన్న అపాచీలను, అంటే ఆ ప్రాంతపు మూలవాసి తెగవారిని, తిప్పికొట్టారు. 1881 ఆగస్టు 12న కరీజో లోయలో పంతొమ్మిదిమంది దళపు కుడి పక్కను నడుపుతూ, ఏ మరుగూ లేని చోట మొండిగా నిలబడి, తమకంటే చాలా ఎక్కువమంది ఉన్న శత్రువులు దళాన్ని చుట్టుముట్టకుండా ఆపారు. పతకం జారీ అయింది 1890 మే 7న. ఘటనకూ జారీకీ మధ్య పదేళ్లున్నాయి కాబట్టి దానికి సంబంధించిన ఉత్తరాలను 1880 నాటి కట్టల్లో వెతికితే దొరకవు. నల్లజాతి పతక గ్రహీతల సేవా పత్రాలను నేషనల్ ఆర్కైవ్స్ ఎమ్ 929 అనే విడి మైక్రోఫిల్మ్ వరుసలో ఒకచోట చేర్చడం ఇలాంటి కేసులకు పెద్ద మేలు చేసింది.

అదే కరీజో పోరులో అదే కె కంపెనీకి చెందిన సార్జెంట్ థామస్ షాకు కూడా పతకం వచ్చింది. రెండు ప్రశంసాపత్రాలనూ పక్కపక్కన పెడితే, మొండిగా నిలబడటం, మరుగు లేని చోటు, చుట్టుముట్టకుండా ఆపడం అనే మాటలు దాదాపు అవే పదాల్లో రెండింటిలోనూ కనిపిస్తాయి. రెండింటికీ మూలం ఒకే సిఫారసు అయి ఉండాలన్నది నా నిర్ధారణ. కాబట్టి ఈ రెండు పత్రాలనూ ఒకదాన్నొకటి బలపరిచే ఇద్దరు సాక్షులుగా లెక్కపెట్టకూడదు, ఒక్క సాక్షి కిందే లెక్క.

తులరోసా విషయంలో మరో గొంతు ఉంది, అది జోర్డన్‌ది. 20వ శతాబ్దం మొదట్లో ఆయన పేరు మీద అచ్చయిన కథనంలో, ఊరికి ముప్పు ఉందని దారిలో కబురు అందినప్పుడు అలిసిపోయి ఉన్న తన మనుషులను పిలిచి అడిగానని, చేతనైనంత దూరం నడుస్తామని అందరూ అన్నారని ఉంది. రాత్రంతా నడిచి తెల్లవారేసరికి ఊరు చేరారు. ఊరివాళ్లు మొదట వీళ్లను అపాచీలనుకుని తలుపులు మూసుకున్నారని, సైన్యమని గుర్తుపట్టాక తువ్వాళ్లు, చేతిరుమాళ్లు ఊపుతూ సంతోషంగా బయటికి వచ్చారని కూడా ఆ కథనం చెబుతుంది. పాడుబడ్డ పాత కోటలో దడి కట్టుకుని, సాయంత్రం వచ్చిన దాడిని ఎదుర్కొన్నారు. ప్రశంసాపత్రంలో అంకెలే ఉన్నాయి, ఈ కథనంలో ఊపిన తువ్వాలు ఉంది. బానిసత్వం రద్దై పదిహేనేళ్లయినా నిండని రోజుల్లో, ఆ ఊరికి కాపుగా నడిచినవారు నల్లజాతి రౌతులు, ఎదుట ఉన్నవారు తమ నేల మీది నుంచి తరిమివేయబడుతున్న అపాచీ నాయకుడు విక్టోరియో మనుషులు. ఈ మూడు పక్షాల్లో అపాచీల గొంతు ఆ సైనిక కాగితాల్లో ఎక్కడా వినపడదు. కేసు రాసేవారు ఆ సంగతిని మరిచిపోకూడదు.

పదవీ విరమణ, దొరకని పింఛను ఫైలు

1885 ఫిబ్రవరి 14 నాటి చట్టం ముప్పై ఏళ్లు పనిచేసిన సిపాయికి మూడొంతుల జీతంతో విరమణ ఇచ్చింది. అంతకు ముందు ఆ హక్కు అధికారులకే ఉండేది. ఆ చట్టం కింద జోర్డన్ 1897లో విరమించుకుని, ఫోర్ట్ రాబిన్సన్‌కు మూడు మైళ్ల దూరంలో ఉన్న క్రాఫర్డ్ ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఒంటరిగా ఉన్నారు. అక్కడ స్థిరపడిన పాత నల్లజాతి సైనికుల్లో ఆయన పెద్దమనిషి. ఇలాంటి ఇంటి కొనుగోలు దస్తావేజును డావ్స్ కౌంటీ కేంద్రమైన చాడ్రన్‌లో వెతకాలి, సైన్యపు కాగితాల్లో దానికి చోటుండదు. సైన్యంలో చేరినప్పుడు చదవడం రాయడం రాని మనిషి ఆ విద్యను కొలువులోనే నేర్చుకుని ఫస్ట్ సార్జెంట్ అయ్యారు. ఫస్ట్ సార్జెంట్ ఉద్యోగం అంటే పగ్గాలతో పాటు కలం పట్టడం కూడా, ట్రూప్ హాజరు, విధుల చిట్టాలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. అందుకని ఆ కాలపు కె ట్రూప్ కాగితాలను తిప్పుతున్నప్పుడు వాటి వెనక ఆయన పని ఉందని గుర్తుంచుకుంటాను.

ఈ రంగంలో పనిచేసేవారంతా ముందు అడిగేది పింఛను ఫైలు. భార్య పేరు, పెళ్లి తేదీ, పిల్లలు, గాయాలు, తోటి సిపాయిల వాంగ్మూలాలు, ఒక్కోసారి బానిసగా ఉన్న రోజుల్లో యజమాని ఎవరో కూడా అందులో ఉంటుంది. కానీ 1859 నుంచి 1891 దాకా సాగిన సరిహద్దు పోరాటాల సిపాయిలకు పింఛను ఇచ్చిన చట్టం 1917 మార్చి 4న వచ్చింది. అప్పటికి జోర్డన్ పోయి పన్నెండేళ్లు దాటింది. ఆయన బతికున్నప్పుడు అందుకున్నది విరమణ జీతం, దానికి అలాంటి వాంగ్మూలాలేవీ అక్కర్లేదు. 1890 జనగణన 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయింది. మిగిలిన 1900 జనగణన పుట్టిన సంవత్సరంతో పాటు నెలను కూడా అడిగింది, కానీ ఆ జవాబు ఇచ్చింది ఇంటివాడో, పొరుగువాడో చెప్పే గడి అందులో లేదు.

మరణం

1904లో జోర్డన్‌కు జబ్బు చేసింది. ఆయనను చూసిన వైద్యుడు ఫోర్ట్ రాబిన్సన్ ఆసుపత్రిలో చేర్చుకోమని రెండుసార్లు దరఖాస్తు పెట్టారు, రెండుసార్లూ కాదన్నారు. వాషింగ్టన్‌లో ముసలి సిపాయిల కోసం ఉన్న సోల్జర్స్ హోమ్‌కు వెళ్లమన్నారు. మంచం పట్టిన ఒంటరి మనిషికి అది దేశపు ఆ చివర ఉన్న చోటు. అక్టోబరు 24న ఆయన క్రాఫర్డ్‌లో చనిపోయారు.

ఈ సంగతి మనకు తెలిసింది కోటలోని చాప్లిన్, అంటే సైన్యపు పాదిరి, పై అధికారులకు పంపిన నివేదిక వల్ల. సరైన ఆలనాపాలనా లేకనే ఆయన పోయారని, ఒంటరిగా ఉండేవారని, అవసరాలు చూసే దిక్కు లేదని, ఆసుపత్రి రెండు దరఖాస్తులనూ తిరస్కరించిందని చాప్లిన్ స్పష్టంగా రాశారు. నేను ఇంతసేపూ చెప్పదలచుకున్నది ఈ కాగితం గురించే. ప్రతి నెలా తాను చేసిన ప్రార్థనలు, బడి తరగతులు, అంత్యక్రియల లెక్క చెబుతూ చాప్లిన్ పంపే నివేదికలు ఆయా చాప్లిన్ పేరు కింద, సైన్యపు రికార్డులు చూసే అడ్జుటంట్ జనరల్ కార్యాలయానికి వచ్చిన ఉత్తరాల్లో చేరతాయి. జోర్డన్ అనే మాట కొట్టి వెతికితే అవి రావు. చనిపోయిన మనిషి ఏ కోటకు దగ్గర, ఆ నెలలో ఆ కోటలో చాప్లిన్ ఎవరు, సర్జన్ ఎవరు అని అడిగి, వాళ్ల కాగితాలు తెరిస్తే ఇది బయటపడుతుంది. నా దగ్గర పని నేర్చుకునేవారికి ఈ ఒక్కటి పట్టుబడితే చాలనుకుంటాను: సిపాయి పేరుతో వెతకడం అయిపోయాక, అతని చుట్టూ ఉండి కలం పట్టినవారి పేర్లతో రెండో వెతుకులాట మొదలుపెట్టాలి. అధికారులు మరణాన్ని ఒక గడిలో నమోదు చేస్తారు, దాని కారణాన్ని బాధతో రాసేవాడు వేరే ఉంటాడు.

చాప్లిన్ రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆయనకు ఆసుపత్రి అధికారుల మీద ఆగ్రహం ఉంది, అది మాటల్లో కనిపిస్తుంది. కానీ తను పనిచేసే కోటలోని వైద్యుల మీదనే పై అధికారులకు ఫిర్యాదు రాసినవాడికి దాని వల్ల లాభం లేదు, నష్టానికే అవకాశం ఎక్కువ. దరఖాస్తులు రెండు అని అంకెతో చెప్పడం, ఎవరు పెట్టారో చెప్పడం కూడా విన్న మాటను ఊదిచెప్పే తీరు కాదు. నేను దీన్ని బలమైన సాక్ష్యంగానే తీసుకున్నాను.

మొదటి ఖననం, పొరుగు సమాధి

ఆసుపత్రిలోకి రానివ్వని మనిషిని కోట శ్మశానంలో పూర్తి సైనిక గౌరవాలతో పూడ్చారు. ఆనాడు కోటలో ఉన్నది 10వ అశ్వికదళం, అది కూడా నల్లజాతి రెజిమెంటే. కోటల ఖనన రిజిస్టర్లలో సమాధి సంఖ్య, పేరు, హోదా, రెజిమెంటు, మరణ తేదీ, కారణం లాంటి గడులుంటాయి. వీటిని సైన్యపు సరఫరాలు చూసే క్వార్టర్‌మాస్టర్ శాఖ నడిపింది, ఆ శాఖకు కావలసింది రాయి ఎక్కడ నిలబెట్టాలన్న లెక్క. ఆసుపత్రి కాదన్న సంగతి రాయడానికి అందులో గడి లేదు. రికార్డు అబద్ధం చెప్పలేదు, దాన్ని అడగని ప్రశ్నకు అది జవాబు ఇవ్వలేదు.

అదే నేలలో ఉన్న ఇంకొక సమాధితో పోలిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఎఫ్ ట్రూప్ ఫస్ట్ సార్జెంట్ ఎమాన్యుయల్ స్టాన్స్ లూసియానాలోని క్యారోల్ పారిష్ (ఆ రాష్ట్రంలో కౌంటీని పారిష్ అంటారు) మనిషి, దాదాపు అయిదడుగుల ఎత్తు. 1870 మే 20న టెక్సాస్‌లోని కికాపూ స్ప్రింగ్స్ దగ్గర చూపిన ధైర్యానికి, అంతర్యుద్ధం తరువాత మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన మొదటి నల్లజాతి సైనికుడు అయ్యారు. 1887 క్రిస్మస్ నాడు క్రాఫర్డ్ దారిలో తుపాకి గాయాలతో ఆయన శవం దొరికింది. సొంత ట్రూప్‌లోని వాళ్లే చంపారన్న అనుమానం బలంగా ఉన్నా ఎవరికీ శిక్ష పడలేదు. రిజిస్టరులో ఈయన కూడా ఒక వరుసే, జోర్డన్ కూడా ఒక వరుసే. హత్య అయిన మనిషి, వైద్యం అందక పోయిన మనిషి, ఇద్దరూ ఒకే రకం గడుల్లో, ఒకే రకం గుమాస్తా చేతిరాతలో పక్కపక్కన సర్దుకున్నారు. స్టాన్స్ కేసు చేసేవారు ఒక చిన్న సంగతి గమనించాలి: క్యారోల్ పారిష్ 1877లో తూర్పు, పశ్చిమ పారిష్‌లుగా విడిపోయింది, కాబట్టి ఆయన పుట్టిన చోటు పేరును ఇప్పటి పటం మీద వెతికితే దొరకదు.

1947 తరలింపు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫోర్ట్ రాబిన్సన్‌ను సైన్యం వదులుకోవడానికి సిద్ధపడి, 1948లో వదిలేసింది. అంతకు ముందు సంవత్సరమే కోట శ్మశానాన్ని ఖాళీ చేశారు. జోర్డన్, స్టాన్స్ ఇద్దరూ అలా ఫోర్ట్ మెక్‌ఫర్సన్ జాతీయ శ్మశానానికి వచ్చారు. ఆ పేరుగల కోట 1880లోనే మూతపడింది, 1873లో ఏర్పడిన శ్మశానం మాత్రం మిగిలి, మూతపడ్డ ఎన్నో సరిహద్దు కోటల సమాధులకు ఆశ్రయమైంది. 1854లో గ్రాటన్ పోరులో చనిపోయిన సిపాయిల అస్థికలు కూడా అక్కడే ఒకే సమాధిలో ఉన్నాయి. కాబట్టి ఆ శ్మశానంలో సమాధి ఉంది కనుక సిపాయి ఆ కోటలో పనిచేశాడని రాయడం పెద్ద పొరపాటు.

తరలింపు జరిగిన ప్రతిసారీ ఒక సమాధికి రెండు సంఖ్యలు వస్తాయి. పాత సంఖ్య కోట రిజిస్టరులోనే ఉండిపోతుంది, కొత్త సంఖ్య జాతీయ శ్మశానపు లెక్కల్లోకి వెళుతుంది, ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చేది కొత్తదే. ఈ రెండింటినీ కలిపే వంతెన తరలింపు సమయంలో రాసిన జాబితా, శ్మశానపు ఖనన కార్డులు. నేషనల్ ఆర్కైవ్స్‌లో 1928 నుంచి 1962 దాకా జాతీయ శ్మశానాల ఖనన నియంత్రణ పత్రాలు ఉన్నాయి, 1947 తరలింపు ఆ గడువులోకి వస్తుంది. రాయి విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. ప్రభుత్వం ఇచ్చిన రాళ్ల కొలతలు 1873లో ఒకలా, 1903లో ఇంకోలా నిర్ణయమయ్యాయి, మెడల్ ఆఫ్ ఆనర్ గ్రహీతల రాళ్ల మీద బంగారు పూత అక్షరాలు చాలా తరువాత వచ్చిన పద్ధతి. రాయి రూపును బట్టి ఖననం కాలాన్ని ఊహించడం తరలించిన సమాధుల విషయంలో అసలు కుదరదు.

కేసు ముగించేటప్పుడు నేను రాసుకున్న తీరు ఇది. పుట్టుక గడిలో విలియమ్సన్ కౌంటీ, సుమారు 1847, చేరిక సమయంలో చెప్పిన మాట ప్రకారం అని ఉంది. సేవ గడిలో 38వ పదాతి దళం ముందు, 9వ అశ్వికదళం తరువాత, కంపెనీ, ట్రూప్ రెండూ ఒకటేనన్న గమనికతో ఉన్నాయి. ఖననానికి ఒక గడి చాలదు కాబట్టి గీత గీసి రెండు చేశాను: పైది 1904 అక్టోబరు, ఫోర్ట్ రాబిన్సన్, కిందిది 1947, ఫోర్ట్ మెక్‌ఫర్సన్. మరణ కారణం గడిలో జబ్బు సంగతి రాసి, ఆసుపత్రి రెండుసార్లు చేర్చుకోకపోవడం అని దాని కిందనే చేర్చాను. ఫైలు కుట్టేటప్పుడు చాప్లిన్ నివేదిక నకలును ఖనన రిజిస్టరు నకలుకు ముందు పేజీగా పెట్టాను.